లిఫ్టమ్మ డాన్సు హాలు

లిఫ్టమ్మకి ఆ పేరు పెద్దాసుపత్రిలో పడింది. లిఫ్టు నడపడం ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే చేసింది. ఇనుప జాలీ తలుపు బర్రున లాగడం, పిడి తిప్పడం, "కాస్త లోపలికి సర్దుకోండి, స్ట్రెచరు వస్తోంది" అనడం, పొద్దస్తమానం ఇదే పని. డాక్టర్లు, బాలింతలు, కట్టు కట్టిన కాలితో కుంటుకుంటూ వచ్చేవాళ్లు, చీపుళ్లు పట్టుకున్న ఆయాలు, అందరూ ఆ ఇరుకు గదిలో భుజాలు రాసుకుని నిలబడేవాళ్లు. లిఫ్టు ఆగినప్పుడు ఒక్క కుదుపుకి అందరూ ఒకేసారి ముందుకి ఊగి, ఒకేసారి వెనక్కి వచ్చేవాళ్లు. అది చూడ్డం తనకి భలే సరదా అని మా వీధిలో ఆడవాళ్లకి చెప్పేది. ఆ ఉద్యోగంలో ఇంకే సరదా దొరక్క అది పట్టుకుందిలే అని మేం నవ్వుకునేవాళ్లం.

ఎవరి బటను వాళ్లే నొక్కుకునే కొత్త లిఫ్టు వచ్చాక ఆమెతో పని లేకపోయింది. పాత లిఫ్టుని ముక్కలు చేసి లారీకెక్కించిన రోజే ఆమెనీ పిలిచి, ఇక రానక్కర్లేదని చెప్పారు. ఏడాది తిరక్కముందే ఆమె భర్త పడిపోయాడు.

ఆయన్ని పెయింటరు అనేవాళ్లం. గోడలకి రంగు వేసేవాడు కాదు, బోర్డులు రాసేవాడు. మా పేటలో ఏ కొట్టు మీద ఏ అక్షరం చూసినా ఆయన చేతిదే. ఒకరోజు మందుల షాపు బోర్డు రాస్తుండగా బ్రష్షు జారి కిందపడింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో సగం మాట ఆ మధ్యాహ్నమే పోయాయి. చెయ్యి ఆడించకపోతే బిగుసుకుపోతుందని డాక్టర్లు చెప్పి, పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఆయన దాన్ని ఎడమ చేత్తో కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. ఆమె వెళ్లి ఏరుకొచ్చింది. మళ్లీ విసిరేశాడు.

బతిమాలింది, కోప్పడింది, మాట్లాడటం మానేసి చూసింది. ఏదీ పారలేదు. ఒక మధ్యాహ్నం ఇల్లు తుడుస్తూ ఉంటే రేడియోలో ఏదో పాట వచ్చింది. చిన్నప్పుడు ఆమె మేనత్త దగ్గర డాన్సు నేర్చుకుంది. మేనత్త నాటకాల కంపెనీలో ఆడేది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆ సంగతి ఇంట్లోవాళ్లు దాచారు. దాచీ దాచీ చివరికి ఆమె కూడా మరిచిపోయింది. ఆ మధ్యాహ్నం మాత్రం తుడుపుగుడ్డ బకెట్లో వేసి, తడి నేల మీదే నాలుగు అడుగులు వేసింది. లావుపాటి మనిషి, ఎర్రబడ్డ చేతులు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర. మంచం మీంచి ఏదో శబ్దం వచ్చింది. చూస్తే ఆయన సగం మూతితో నవ్వుతున్నాడు. పడిపోయాక అదే మొదటి నవ్వు.

ఆమె వెళ్లి ఆయన పడిపోయిన చేతిని తన భుజం మీద వేసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఆయన నానా తిట్లూ తిట్టాడు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడానికి అది ఆయన మాట వింటేగా. అయితే రోజూ పాట పెట్టేసరికి ఆయనే మంచం అంచుకి జరిగి కూర్చునేవాడు. కొన్ని నెలలకి వేళ్లు విచ్చుకున్నాయి. గోడ పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు. అప్పుడు పుట్టింది లిఫ్టమ్మకి ఆ ఆలోచన. ఒక్క మనిషికి ఇంత పనిచేసింది పదిమందికి ఎందుకు చెయ్యదు అనుకుంది. పిల్లలకి ఒక చోట, ముసలివాళ్లకి ఒక చోట, కాళ్లు చేతులు లేనివాళ్లకి ఒక చోట కాకుండా అందరూ ఒకే హాల్లో ఆడాలి. అలా ఉంటేనే ఎవరి అవకరం ఎవరికీ కనపడదని ఆమె నమ్మకం.

మా వీధి మలుపులో మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. దాని యజమానిని ప్రెస్సాయన అనేవాళ్లం. మిషన్లు అమ్మేశాక హాలు ఖాళీగా పడి ఉంది. అడగ్గానే తాళంచెవి చేతిలో పెట్టి, ఎలుకలు ఆడుకునే బదులు మనుషులు ఆడుకోవడం నయం కదా అన్నాడు. గడప లేదు, మెట్టు లేదు. కాగితపు బళ్లు రావడానికి వీధి నుంచి లోపలికి వాలుగా సిమెంటు వేశారు. అది చూసే ఆమె ఆ హాలు కోరుకుంది. మిషన్లు బిగించిన బోల్టులు నేలలోంచి మొలకల్లా పైకి ఉంటే కోయించింది. సిరా మరకలు ఎంత రుద్దినా పోలేదు. బోర్డు మాత్రం పెయింటరే రాశాడు, ఎడమ చేత్తో. 'అందరి డాన్సు హాలు. ఏ వయసువాళ్లయినా, ఎలాంటివాళ్లయినా రావచ్చు' అని. అక్షరాలు తాగొచ్చినవాళ్లలా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. తుడిచేసి వేరేవాళ్ల చేత రాయిస్తానని ఆయన గొడవపెట్టాడు. ఆమె ఒప్పుకోలేదు.

గోడలకి అద్దాలు పెట్టలేదేమని అడిగినవాళ్లకి, అద్దం ఉంటే ఎవరి ముఖం వాళ్లు చూసుకుంటారు, పక్కవాణ్ణి చూడరు అనేది.

డాన్సు నేర్పడానికి ఆమెకి తోడు వచ్చింది చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక ఆ పిల్ల పెద్దమ్మ దగ్గరే పెరిగింది. మంచి స్కూల్లో డాన్సు నేర్చుకుంది. ఒళ్లు విల్లులా వంగేది. చలాకీ మనిషి, మాట నేర్పరి. ఆ పిల్ల వల్లే పేటలో పిల్లలంతా వచ్చి చేరారు. కరెంటు, పాటల పెట్టె, చీపురుకట్ట అన్నీ ఆ పిల్లల ఫీజుతోనే జరిగేవి. మిగతావాళ్ల దగ్గర లిఫ్టమ్మ ఏమీ తీసుకునేది కాదు.

మిగతావాళ్లలో మొదట వచ్చింది టైలర్ మాస్టారు. నిజానికి ఆయన వాన పడుతుంటే చూరు కింద నిలబడటానికి వచ్చాడు. వణుకుడు జబ్బుతో ఎప్పుడో కొట్టు మూసేశాడు. చేతులు ఊరికే ఉంటే వణికేవి, పనిలో పెడితే ఆగేవి. లిఫ్టమ్మ ఆయన్ని లోపలికి పిలిచి, పాట పెట్టి, చేతులు పైకెత్తమంది. ఆయన ఎత్తాడు. వణుకు తాళంలో కలిసిపోయింది. "ఇన్నాళ్లూ ఇది జబ్బనుకున్నానమ్మా, డాన్సన్నమాట" అన్నాడాయన. హాలంతా నవ్వింది. మర్నాటి నుంచి రోజూ అందరికన్నా ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు.

తర్వాత పిండిమర ఆవిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల. పుట్టినప్పటి నుంచి నడుము కింద చచ్చుబడిపోయి చక్రాల కుర్చీలోనే ఉండేది. సన్నగా, చురుగ్గా, ఒక్కచోట చూపు నిలవకుండా ఉండేది గనక పిచ్చుక అనేవాళ్లు. ఆ పిల్ల మొదటివారం గోడవైపు తిరిగి కూర్చుంది. రెండోవారం లిఫ్టమ్మ కుర్చీ వెనక పట్టుకుని పాటకి గిర్రున తిప్పేసరికి కెవ్వున అరిచి, ఇంకోసారి అంది. చక్రాన్ని ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో తోసి, ఉన్నచోటే తిరగడం తనంతట తనే కనిపెట్టింది. లిఫ్టమ్మని అత్తా అని పిలిచేది. పెయింటరుకి ఎదురుగా కుర్చీ ఆపుకుని, ఆయన ఎడమచెయ్యి ఎత్తితే తను కుడిచెయ్యి ఎత్తేది. వాళ్లిద్దరిదీ ఒక ఆటలా ఉండేది.

ఏడాది బాగా జరిగింది. సాయంత్రాలు ఆ దారిన వెళ్తే లోపల పసిపిల్లలు, ముసలివాళ్లు, పిచ్చుక, ఒక్క పాటకి ఊగుతూ కనపడేవాళ్లు. చూడ్డానికి వెళ్లిన మేం కూడా ఒకటి రెండుసార్లు సిగ్గు విడిచి ఆడాం. ప్రెస్సాయన పంచె ఎగ్గట్టి మరీ ఆడేవాడు.

ఊరి టౌన్ హాల్లో ఏటా డాన్సు స్కూళ్ల ప్రదర్శన జరుగుతుంది. ఆ ఏడు మా హాలుని కూడా పిలిచారు. చెల్లెలి కూతురే తిరిగి తిరిగి ఆ అవకాశం సంపాదించింది. కబురు వినగానే టైలర్ మాస్టారు బట్టలు తనే కుడతానన్నాడు. అటక మీంచి మిషను దింపించి, నూనె వేసి, నీలిరంగు తాను తెప్పించి అందరికీ కొలతలు తీసుకున్నాడు. చక్రాల్లో పడకుండా పిచ్చుకకి కింద కుచ్చులు లేని గౌను, ఒక్క చేత్తో తొడుక్కునేలా పెయింటరుకి పక్కన ముడులున్న చొక్కా. కోడలు వద్దన్నా వినకుండా నెలరోజులు మిషను మీదే కూర్చున్నాడు. ఆ కుట్టు ఒక్కచోట కూడా వంకర పోలేదు.

ఈలోగా పిల్లల తల్లులు కొందరు చెల్లెలి కూతురి దగ్గరికి వచ్చారు. అందరూ మర్యాదస్తులే, ఎవరూ గొంతు పెంచలేదు. మీ పెద్దమ్మగారిది మంచి మనసే, హాల్లో ఎలా ఆడినా మాకేం లేదు, స్టేజీ మీద మాత్రం మా పిల్లల పక్కన ఆ వణికే పెద్దాయన, ఆ కుర్చీ ఉంటే చూసేవాళ్లు పిల్లల్ని చూడరు అన్నారు. కావాలంటే వాళ్లకి వేరే పాట పెట్టండి అన్నారు. ఆ పిల్ల అది మోసుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టింది. వాళ్లు మానేస్తే హాలు నడవదని కూడా చెప్పింది. అది అబద్ధం కాదు.

లిఫ్టమ్మ రెండు రోజులు ఆలోచించింది. ససేమిరా కాదనడానికి నోరు రాలేదు. చివరికి సరే అంది. ముందు పిల్లలు ఆడతారు, ప్రదర్శన ఆఖర్న వీళ్లు. స్టేజీ ఎక్కడం ముఖ్యం గాని ఎవరి పక్కన ఎక్కితేనేం అని తనకి తను సర్దిచెప్పుకుంది. టైలర్ మాస్టారుకి చెబితే, మనకి విడిగా పాటన్నమాట అని సంతోషించాడు. పిల్లలకి తళుకుల బట్టలు అద్దెకి తెచ్చారు. వాళ్ల కోసం కుట్టిన నీలం గౌన్లు మడతపెట్టి మూల పెట్టారు. టైలర్ మాస్టారే వాటి మీద పాత దుప్పటి కప్పాడు.

ప్రదర్శన రోజు టౌన్ హాలు కిటకిటలాడింది. స్టేజీకి పక్కనుంచి మెట్లే గాని వాలు లేదు. చెక్కలు వేయిస్తామన్న మేనేజరు ఆ సంగతే మరిచిపోయాడు. పిండిమర ఆవిడ, ప్రెస్సాయన, ఇంకో ఇద్దరూ కలిసి పిచ్చుకని కుర్చీతో సహా పైకెత్తారు. నీలం బట్టల్లో వాళ్లంతా తెర పక్కన చీకటి సందులో నిలబడ్డారు. పెయింటరు ఒక పెట్టె మీద కూర్చున్నాడు. ఎదురుగా పిల్లలు తళతళలాడుతూ ఆడారు. చప్పట్లు మోగిపోయాయి. ఇక్కడ నిలబడ్డవాళ్లు కూడా చేతులు నొప్పి పుట్టేలా కొట్టారు.

తర్వాత మైకులో ఇంకో స్కూలు పేరు పిలిచారు. దాని తర్వాత ఇంకోటి. ఆ తర్వాత, ముఖ్య అతిథిగారికి అర్జెంటు పనుందని, బహుమతులు ముందే ఇచ్చేస్తున్నామని చెప్పారు. మా హాలు పిల్లలకి రెండో బహుమతి వచ్చింది. కప్పు తీసుకోవడానికి చెల్లెలి కూతురు స్టేజీ మధ్యకి వెళ్లింది. మైకు ఆమె చేతికిచ్చారు. ఆ పిల్ల అందరికీ ధన్యవాదాలు చెప్పింది గాని, మావాళ్లు ఇంకా ఉన్నారు, ఆడాలి అని చెప్పలేదు. తెర దించేశారు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు.

లిఫ్టమ్మ పరుగున మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన కసురుకోలేదు. జాలిగానే చూశాడు.

"ఇప్పుడు ఆడితే ఎవరు చూస్తారమ్మా? వచ్చే ఏడు ముందే పెట్టిద్దాంలెండి."

ఆమె వెనక్కి వచ్చి, జనం లేకపోతే ఏం, మనకోసం మనం ఆడదాం, స్టేజీ ఉంది, రండి అంది. టైలర్ మాస్టారు ఒక అడుగు వేశాడు కూడా. పిచ్చుక కుర్చీ కదల్లేదు.

"ఎవరూ లేకుండా అయితే ఇంట్లోనే ఆడుకుంటాను కదత్తా," అంది ఆ పిల్ల.

ఏడవలేదు. అమ్మా, దించండి అని మెల్లిగా అడిగింది. ఎత్తినవాళ్లే మళ్లీ దించారు. హాలు ఊడ్చేవాళ్లు అప్పటికే మొదటి వరసలోకి వచ్చేశారు.

ఇంటికెళ్లాక లిఫ్టమ్మ, ఆ ఒక్క మాట మైకులో అనడానికి నీకేం అడ్డమొచ్చింది అని చెల్లెలి కూతుర్ని అడిగింది. కప్పు ఇంకా ఆ పిల్ల ఒళ్లోనే ఉంది.

"సిగ్గేసింది పెద్దమ్మా," అంది. "అందరూ నన్నే చూస్తున్నారు. ఆ మాట అంటే వీళ్లు బయటికి వస్తారు. వచ్చి ఆడితే జనం జాలిపడతారు. నాకు అది వద్దనిపించింది."

"వాళ్లు నెల్లాళ్లు ఎదురుచూశారే."

"ఆశ పెట్టింది నువ్వు. నేను పెట్టలేదు."

లిఫ్టమ్మకి చెంప చెళ్లుమనిపించినట్టయింది. ఆఖర్న ఆడతారులే అని ఒప్పుకున్నది తనే కదా. ఆ పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఎవరూ గొడవ పెట్టుకోలేదు. ఎవరూ హాలు మానేస్తున్నామని చెప్పలేదు. ఊరికే రావడం మానేశారంతే. పిండిమర ఆవిడ, మర దగ్గర మనిషి లేడు, అందుకే తీసుకురాలేకపోతున్నాను అంది. టైలర్ మాస్టారు మోకాళ్ల నొప్పులన్నాడు. లిఫ్టమ్మ ఆయన ఇంటికి వెళ్లేసరికి, ఒళ్లో నీలం చొక్కా పెట్టుకుని కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. గుడ్డ మంచిదమ్మా, మనవరాళ్లకి లంగాలు వస్తాయి అన్నాడు. ఆమె కాసేపు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించిపెట్టి వచ్చేసింది. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. స్నానాల గదిలో జారిపడ్డాడని కోడలు చెప్పింది.

హాల్లో పిల్లల సంఖ్య మాత్రం పెరిగింది. రెండో బహుమతి వచ్చిన స్కూలని పక్క పేటల నుంచి కూడా వచ్చారు. చెల్లెలి కూతురు పెద్దమ్మ ఇంట్లోంచి వెళ్లిపోయి ఉండటానికి విడిగా గది తీసుకుంది, క్లాసులు మాత్రం ఆ హాల్లోనే. దాంతో హాలు తాళంచెవులు ఎవరి దగ్గర ఉండాలన్నది ప్రెస్సాయన తేల్చాల్సి వచ్చింది. ఆయన తటపటాయిస్తూనే వచ్చాడు. లిఫ్టమ్మ పెట్టిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. నాకూ వయసైపోయింది, కొడుకులు హాలు అమ్మేయమంటున్నారు, పిల్లల క్లాసులు నడుస్తుంటే ఏదో సాకు చెప్పి వాళ్లని ఆపగలను, నలుగురైదుగురి కోసమంటే ఆపలేను అన్నాడు. హాలు మీ అమ్మాయి చేతిలోనే ఉండనీ, ఆదివారం పొద్దున మాత్రం నీదేనమ్మా, ఒక తాళంచెవి నీ దగ్గర పెట్టుకో, ఎవరూ కాదనరు అన్నాడు. ఆమె సరేనంది.

ఆదివారం పొద్దున్నే వెళ్లి నేల తుడిచి, పాట పెట్టి కూర్చునేది. ఒక ముసలమ్మ కొన్ని వారాలు వచ్చి, గుడికో, కూతురింటికో వెళ్లాలని మానేసింది. ఆపైన మిగిలింది పెయింటరొక్కడే. ఆమె ఆయన్ని పట్టుకుని నడిపించుకు వెళ్లేది. ఆ పెద్ద హాల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఊగుతుంటే దారిన పోయేవాళ్లు తొంగిచూసి వెళ్లిపోయేవాళ్లు.

ఒక ఆదివారం తలుపు తీసేసరికి గోడలనిండా అద్దాలు ఉన్నాయి. చెల్లెలి కూతురు ఆ వారమే బిగించింది. పిల్లలకి అడుగులు దిద్దుకోవడానికి కావాలి మరి. ముందుగా చెబుదామనుకుంది గానీ కుదరలేదట. లిఫ్టమ్మ భర్తని అద్దాలవైపు తిప్పకుండా జాగ్రత్తపడింది. నాలుగు గోడలకీ అద్దాలుంటే ఎటు తిప్పుతుంది? ఆయన భార్య భుజం మీంచి ఎదుటి గోడ చూశాడు. ఇంట్లో అద్దం ఆయన గడ్డం గీయడానికి పట్టుకునేంత చిన్నది. పడిపోయినప్పటి నుంచి తనని తాను నిలువెత్తున చూసుకోలేదు. ఒకవైపు జారిన మూతి, ఒంగిన భుజం, భార్య మెడకి వేలాడుతున్న చెయ్యి, ఈడుస్తున్న కాలు. అవి ఒక అద్దంలోంచి ఇంకో అద్దంలోకి వెళ్తూ అంతులేకుండా ఉన్నాయి.

ఆయన ఊగడం ఆపేశాడు. పాట నడుస్తూనే ఉంది.

"నేను ఇట్టా ఉంటానని నాకు చెప్పలేదేమే?" అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత ఆయన నోట్లోంచి సగం మింగకుండా వచ్చిన పూర్తి మాట అది. ఆమె ఏదో అనబోయింది. ఆయన వినలేదు. ఇంటికి పద, ఇంటికి పద అని అదే అన్నాడు. దారిలో ఎవరైనా చూస్తారని తువ్వాలు తల మీదుగా కప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన గడప దాటలేదు. పాట పెడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే, వదులు అని ఎడమ చేత్తో తోసేసేవాడు.

లిఫ్టమ్మ తాళంచెవి తీసుకెళ్లి చెల్లెలి కూతురికి ఇచ్చేసింది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. అద్దాలకి గుడ్డలు కప్పిస్తాను, ఆదివారాలు నేనే వచ్చి చేయిస్తాను, అందర్నీ మళ్లీ పిలుద్దాం పెద్దమ్మా అంది. నిజంగానే అంది, నటన కాదు. లిఫ్టమ్మ ఆ పిల్ల తల నిమిరి, నీ క్లాసుకి టైమవుతోంది వెళ్లు అంది. పాత బోర్డు ఎప్పుడు దించారో మాలో ఎవరం గమనించలేదు.

ఇప్పుడు ఆమె ఒక నర్సింగ్ హోములో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోంది. పొద్దున భర్తకి అన్నీ చేసి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసి వెళ్తుంది. ఆయన వేళ్లు మళ్లీ ముడుచుకుపోయాయి. గోళ్లు అరచేతిలో గుచ్చుకోకుండా మధ్యలో మెత్తటి గుడ్డ ఉండ చేసి పెడుతుంది. అది ఆయన విసిరేయడు. విసిరే ఓపిక లేదు.

మొన్న పిండి పట్టించుకోవడానికి మర దగ్గరికి వెళ్తే పిచ్చుక కాటా ముందు కూర్చుని ఉంది. బాగా లావయింది. కనుబొమల మీద తెల్లటి పిండి. లిఫ్టమ్మ ఎలా ఉన్నావే అంటే, బాగానే ఉన్నాను, మీరెలా ఉన్నారు అంది. వరసలో వెనక ఇంకా నలుగురున్నారు. పిల్ల సంచి తూచి పక్కకి పెట్టింది. మర చప్పుడులో ఇక మాట్లాడటం కుదరలేదు. పిండిమర ఆవిడ లోపలినుంచి వచ్చి, డాన్సు హాలు మళ్లీ ఎక్కడైనా పెడతావా అక్కా అని చెవిలో అరిచి అడిగింది.

"లేదమ్మా," అంది లిఫ్టమ్మ. "ఇంక పెట్టను."

ఆవిడ తలూపి మళ్లీ లోపలికి వెళ్లింది. లిఫ్టమ్మ తన వంతు వచ్చేదాకా గోడకి ఆనుకుని నిలబడి, వేడి పిండి సంచి చంకన పెట్టుకుని, ఆయన ఒక్కడే ఉన్నాడని గబగబా ఇంటిదారి పట్టింది.